ఎందరిని కనాలో చెప్పేవారే, ఎంపిక ఇచ్చేవారేరీ?

దేశంలో జనాభా రాజకీయం దిశ మార్చుకుంది. 2019 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని నరేంద్ర మోదీ జనాభా విస్ఫోటనంపై ఆందోళన వెలిబుచ్చి, చిన్న కుటుంబం కూడా దేశభక్తికి ఒక రూపమేనన్నారు. ఐదేళ్లు తిరిగేసరికి స్వరం మారింది. ఎక్కువమంది పిల్లలను కనవలసిన అవసరం వచ్చిందని 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పిలుపునిచ్చారు. అదే నెలలో చెన్నైలో జరిగిన సామూహిక వివాహాల వేదికపై ముఖ్యమంత్రి హోదాలో స్టాలిన్, నవదంపతులకు పదహారు సంపదలు కలగాలని పెద్దలు దీవించే మాటను పదహారుమంది సంతానం వైపు మళ్లించి, దానికి లోక్‌సభ స్థానాల లెక్కను ముడిపెట్టారు. డిసెంబరు మొదటి రోజున నాగపూర్‌లో ఆర్‌ఎస్‌ఎస్ అధినేత మోహన్ భాగవత్ ఇద్దరు కాదు, ముగ్గురు ఉండాలన్నారు. 2025 మార్చిలో మహిళా దినోత్సవం నాడు విజయనగరం ఎంపీ ఒక అడుగు ముందుకు వేశారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే తన జీతం నుంచి 50 వేల రూపాయలు, మగపిల్లవాడు పుడితే ఆవు బహుమతి అన్నారు.

ఈ నాయకుల పార్టీలు వేరు, భాషలు వేరు, భయాలు వేరు. ఒకరిది వృద్ధాప్య సమాజం గురించిన బెంగ. మరొకరిది నియోజకవర్గాల పునర్విభజన భయం. ఇంకొకరిది మత జనాభా నిష్పత్తి గురించిన ఆదుర్దా. అయినా అందరి మాటల్లోనూ ఒక ఉమ్మడి లక్షణం ఉంది. పిల్లలు ఎందరు ఉండాలన్నది దేశానికో, రాష్ట్రానికో, సమాజానికో సంబంధించిన లెక్కగానే అందులో కనిపిస్తుంది. ఆ బిడ్డను తొమ్మిది నెలలు మోయవలసిన మనిషి చేతిలో నిర్ణయం ఉందా, లేదా అన్న ప్రశ్న ఎవరి ప్రసంగంలోనూ వినిపించదు.

ఆ ప్రశ్న అడగవలసిన చోటు ఆంధ్రప్రదేశ్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ రాష్ట్రంలో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో 69.6 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశ సగటు 37.9 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రలు, కాపర్‌-టి, కండోమ్, ఇంజక్షన్, పురుషుల ఆపరేషన్ అన్నీ కలిపినా రెండు శాతానికి చేరవు. అంటే ఇక్కడ కుటుంబ నియంత్రణ అన్న మాటకు ఆడవారి ఆపరేషన్ తప్ప వేరే అర్థం మిగల్లేదు. పొరుగున ఉన్న తెలంగాణలోనూ పది మందిలో ఆరుగురిది అదే కథ. ఆపరేషన్ అయిపోయిన స్త్రీని ఉద్దేశించి మూడో బిడ్డకు ఆవును ప్రకటించడం కన్నా విడ్డూరం మరొకటి ఉండదు.

లెక్కల కోసమే నడిచిన పథకం

గర్భనిరోధం ఈ దేశంలో ప్రభుత్వ పథకంగా పుట్టలేదు. 1921లో బొంబాయిలో క్లినిక్ తెరిచిన రఘునాథ్ కర్వే దానిని స్త్రీ ఆరోగ్యం, స్వేచ్ఛలకు సంబంధించిన విషయంగా చూశారు. తమిళనాట పెరియార్ వాదన మరింత సూటి: బిడ్డలను కనాలా వద్దా అన్నది స్త్రీ నిర్ణయం కావాలి. 1938లో బొంబాయి శాసనసభలో సంతాన నియంత్రణకు సౌకర్యాలు కల్పించాలంటూ అంబేడ్కర్ పక్షం తెచ్చిన తీర్మానం ఓడిపోయింది. ప్రసవ వేదన పురుషులు పడవలసి వస్తే ఈ చర్చ తీరే వేరుగా ఉండేదన్న తర్కం నాటి వాదనలో ఉంది.

1952లో జాతీయ స్థాయిలో కుటుంబ నియంత్రణ కార్యక్రమాన్ని చేపట్టాక ఈ దృష్టి క్రమంగా కనుమరుగైంది. ఆహార ధాన్యాల కొరత, తలసరి ఆదాయం, పంచవర్ష ప్రణాళికల లక్ష్యాలు ముందుకు వచ్చాయి. 1960లలో లూప్ వచ్చింది, 1968లో నిరోధ్ వచ్చింది, గోడలపై ఎర్ర త్రికోణం వెలిసింది. 1971లో కేరళలోని ఎర్నాకుళంలో ఒక్క నెల శిబిరంలో 60 వేలకు పైగా వేసెక్టమీలు జరిగితే దేశమంతటా దానిని ఘనవిజయంగా చెప్పుకున్నారు. శిబిరం, నగదు ప్రోత్సాహకం, లక్ష్యం అన్న మూడు కాళ్ల పీట అప్పుడే సిద్ధమైంది. అత్యవసర పరిస్థితి దానిపై కూర్చుంది. 1976-77 ఒక్క సంవత్సరంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో సుమారు నాలుగింట మూడు వంతులు పురుషులవి. ఉపాధ్యాయుల జీతాలు, రేషన్ కార్డులు, ఇళ్ల స్థలాలు ఆపరేషన్ సర్టిఫికెట్‌తో ముడిపడ్డాయి. హరియాణాలోని ఉత్తావర్ గ్రామాన్ని పోలీసులు రాత్రికి రాత్రి చుట్టుముట్టి మగవారిని తరలించిన ఉదంతం షా కమిషన్ ముందుకు వచ్చింది.

1977 ఎన్నికల్లో ఉత్తరాది ఇచ్చిన తీర్పు నుంచి పాలకులు ఒక పాఠం నేర్చుకున్నారు. అయితే అది సగం పాఠమే. బలవంతం తప్పని గ్రహించడానికి బదులు, పురుషుల జోలికి వెళ్లడం ప్రమాదమని గ్రహించారు. జనతా ప్రభుత్వం కుటుంబ నియంత్రణ శాఖ పేరును కుటుంబ సంక్షేమంగా మార్చింది. భారం మాత్రం మగవారి నుంచి ఆడవారికి బదిలీ అయింది. ఓటు వేసి ఎదురుతిరిగిన వారిని వదిలిపెట్టి, మాట్లాడలేని వారిని ఎంచుకోవడం అది. నేడు దేశంలో పురుషుల ఆపరేషన్ 0.3 శాతం. ఆపరేషన్ చేయించుకున్న నూటికి పైగా స్త్రీలకు ఒక పురుషుడు చొప్పున కూడా లేరు.

1994 కైరో అంతర్జాతీయ సదస్సు తరువాత, 1996లో కేంద్రం లక్ష్యాల పద్ధతిని ఎత్తివేసింది. 2000 నాటి జాతీయ జనాభా విధానం స్వచ్ఛంద ఎంపికకు పట్టం కట్టింది. కానీ కాగితం మీది విధానం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గుమ్మం దాటలేదు. లక్ష్యం అన్న మాట పోయింది, అంచనా అన్న మాట వచ్చింది. ఏఎన్‌ఎంను నెలాఖరున అడిగే ప్రశ్న మాత్రం మారలేదు: ఎన్ని ఆపరేషన్లు?

శిబిరాల్లో పోయిన ప్రాణాలు

2012 జనవరిలో బిహార్‌లోని అరరియా జిల్లాలో ఒక ప్రభుత్వ పాఠశాలలో రెండు గంటల వ్యవధిలో 53 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశారు. 2014 నవంబరు 8న ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ సమీపంలో మూతపడిన ఒక ఆసుపత్రి భవనంలో ఒకే వైద్యుడు కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశాడు. పదిమందికి పైగా చనిపోయారు. ఒక బృందం రోజుకు 30 ఆపరేషన్లకు మించి చేయరాదన్న కేంద్ర నిబంధన అప్పటికే ఉంది. దేవికా బిశ్వాస్ దాఖలు చేసిన కేసులో 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, మూడేళ్లలో ఈ శిబిరాల పద్ధతికి స్వస్తి పలకాలని ఆదేశించింది. ఆ గడువు ముగిసిన తరువాత, 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ఆసుపత్రిలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు జరిగాయి. రోజుల వ్యవధిలో నలుగురు చనిపోయారు. హైదరాబాద్ నగరానికి కూతవేటు దూరంలో జరిగిన ఘోరమిది. మారుమూల అడవి పల్లె అన్న సాకు కూడా అక్కడ చెల్లదు.

చనిపోయినవారు చిన్న వయసు తల్లులు. అది యాదృచ్ఛికం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే పెళ్లయిందని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. పద్దెనిమిదికి పెళ్లి, ఏడాదిలో మొదటి కాన్పు, మరో రెండేళ్లకు రెండో కాన్పు, ఆ మంచం మీదే ఆపరేషన్. పాతికేళ్లు నిండకుండానే పునరుత్పత్తి జీవితం మొదలై ముగిసిపోతుంది. ఈ మధ్యలో మొదటి కాన్పును వాయిదా వేసుకునే మార్గంగానీ, ఇద్దరి మధ్య ఎడం ఉంచుకునే మార్గంగానీ ఆమెకు ఎవరూ చెప్పరు. ఆ తరువాత బిడ్డ చనిపోతే, మళ్లీ పెళ్లి చేసుకోవలసి వస్తే, గొట్టాలను తిరిగి అతికించే శస్త్రచికిత్స ఖరీదైనది. ఫలితం గ్యారంటీ లేనిది.

ఆపరేషన్‌ను స్త్రీలే కోరుకుంటున్నారు కదా అన్న వాదన ఉంది. అది అబద్ధం కాదు. కావలసినంత మంది పిల్లలు కలిగి, ఇక చాలనుకున్న స్త్రీకి ట్యూబెక్టమీ సురక్షితమైన, నమ్మకమైన పద్ధతి. భర్త ఒప్పుకోలుపై రోజూ ఆధారపడనవసరం లేని విముక్తి కూడా. దక్షిణాది రాష్ట్రాలలో సంతానోత్పత్తి రేటు తగ్గడంలో దాని పాత్ర కాదనలేనిది. అయితే కంచంలో ఒకే పదార్థం వడ్డించి, ఇష్టపడి తిన్నారు కదా అనడం న్యాయం కాదు. కోరుకున్నారని చెప్పాలంటే, కోరుకోవడానికి ముందు నాలుగు మార్గాలు కనిపించాలి.

మార్గాలు ఉన్నాయి, సమాచారమే లేదు

నిజానికి ప్రభుత్వ ఆసుపత్రి జాబితాలో మార్గాలకు కొరత లేదు. ఒక్కొక్క దానికి ఒక గుణం, ఒక పరిమితి ఉన్నాయి. ఎవరికి ఏది నప్పుతుందన్నది వయసు, ఆరోగ్యం, బిడ్డ మళ్లీ ఎప్పుడు కావాలన్న ఆలోచన, ఇంటి పరిస్థితి, ఈ నాలుగింటి మీదా ఆధారపడుతుంది.

కొత్తగా పెళ్లయి, రెండేళ్లు ఆగాలనుకునే జంటకు కండోమ్ ఉంది, రోజువారీ మాత్ర ఉంది. సుఖవ్యాధులు, హెచ్‌ఐవీ నుంచి రక్షణ ఇచ్చేది అన్నింటిలోనూ కండోమ్ ఒక్కటే. ప్రతిసారీ సరిగ్గా వాడితే ఏడాదిలో నూటికి ఇద్దరికి మాత్రమే గర్భం వచ్చే అవకాశం ఉంటుంది. మనుషులు సాధారణంగా వాడే తీరులో అది 13 వరకూ పెరుగుతుంది. రోజువారీ మాత్రను క్రమం తప్పక వేసుకుంటే వందలో ఒకరికి కూడా గర్భం రాదు. మధ్యలో మరచిపోయే అలవాటుంటే ఏడుగురికి వస్తుంది. అధిక రక్తపోటు, కొన్ని రకాల మైగ్రేన్, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారికి, పొగతాగే 35 ఏళ్లు దాటిన స్త్రీలకు, బిడ్డకు పాలిస్తున్న తొలి నెలల్లో ఈ మాత్ర తగదు. కాబట్టి రక్తపోటు చూడకుండా మాత్రల పొట్లం చేతిలో పెట్టడం వైద్యం అనిపించుకోదు.

రోజూ మాత్ర గుర్తుంచుకోలేని స్త్రీకి వారానికి ఒక్కసారి వేసుకునేది ఉంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనుగొన్న సెంట్‌క్రోమన్ అది. 1991లో సహేలీ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఛాయ పేరుతో ఉచితం. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తరువాత వారానికి ఒకసారి. ఇందులో స్టెరాయిడ్ హార్మోన్లు లేవు. పాలిచ్చే తల్లులు వాడవచ్చు. కొందరికి నెలసరి ఆలస్యమవుతుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే గర్భమేమోనన్న భయంతో మానేస్తారు. ఈ దేశపు ప్రయోగశాలలో పుట్టిన మందు గురించి ఈ దేశపు స్త్రీలలో ఎక్కువమందికి తెలియకపోవడం చిన్న విషయం కాదు.

ఇంట్లో ఎవరికీ తెలియకుండా జాగ్రత్తపడవలసిన స్త్రీలు కూడా ఉంటారు. వారికి మూడు నెలలకొకసారి తీసుకునే అంతర ఇంజక్షన్ ఉపయోగం. నెలసరి క్రమం తప్పుతుంది, కొందరికి పూర్తిగా ఆగుతుంది. ఆపిన తరువాత గర్భం రావడానికి సగటున ఏడు నుంచి పది నెలలు పడుతుంది. కాబట్టి వెంటనే బిడ్డ కావాలనుకునేవారికి అది నప్పదు. ఇద్దరి మధ్య ఎడం ఎక్కువ కావాలంటే కాపర్‌-టి: రకాన్ని బట్టి ఐదేళ్లు లేదా పదేళ్లు పనిచేస్తుంది, తీయించుకున్న వెంటనే గర్భధారణకు అవకాశం తిరిగి వస్తుంది. ప్రసవమైన 48 గంటల్లోపు కూడా వేయవచ్చు. ఏడాదిలో నూటికి ఒకరికి కూడా ఇది విఫలం కాదు. దాదాపు ఆపరేషన్‌తో సమానం. తొలి నెలల్లో రక్తస్రావం, నొప్పి పెరగవచ్చు. సగానికి పైగా స్త్రీలు రక్తహీనతతో బాధపడుతున్న దేశంలో హిమోగ్లోబిన్ చూడకుండా, అడగకుండా కాన్పు బల్ల మీదే వేసి పంపితే, అది ఆమె ఎంపిక కాదు, మరో లక్ష్యం. అలా వేయించుకున్నవారి చేదు అనుభవమే పది మందికి పాకి కాపర్‌-టిపై అపోహగా గడ్డకడుతుంది.

అత్యవసర మాత్ర సంగతి వేరు. కలయిక జరిగిన 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. అది అప్పటికే నిలిచిన గర్భాన్ని తొలగించదు. నెలనెలా వాడదగిన పద్ధతీ కాదు. పద్ధతి విఫలమై గర్భం వస్తే చట్టం దారి చూపుతోంది. గర్భనిరోధకం విఫలం కావడం గర్భస్రావానికి చెల్లుబాటయ్యే కారణమని 1971 చట్టం గుర్తించింది. 2021 సవరణ అందులోని భర్త అన్న మాటను భాగస్వామిగా మార్చింది. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అవివాహిత స్త్రీలకూ సమాన హక్కు ఉందని స్పష్టం చేసింది. చట్టం అంత దూరం వెళ్లినా, ఆరోగ్య ఉపకేంద్రంలో ఉండేది నేటికీ అర్హులైన దంపతుల రిజిస్టరే. పెళ్లికాని యువతి పేరు ఎక్కే పుట లేదు గనుక, ఆమెకు సలహా ఇచ్చేవారూ లేరు.

ఇక పిల్లలు చాలనుకున్న జంట మాటకు వస్తే, ఇద్దరిలో ఎవరి ఆపరేషన్ తేలిక? కోత, కుట్లు లేని వేసెక్టమీ స్థానిక మత్తుతో పది పదిహేను నిమిషాల్లో ముగుస్తుంది. ట్యూబెక్టమీలో పొత్తికడుపు లోపలికి పరికరం వెళ్లాలి; ప్రమాదం దానికే ఎక్కువ. వేసెక్టమీ తరువాత మూడు నెలలు మరో పద్ధతి వాడి, వీర్య పరీక్షతో నిర్ధారించుకోవాలి. మగతనానికీ, శరీర బలానికీ దానితో ఏ సంబంధమూ లేదు. గర్భనిరోధం ఆడవారి వ్యవహారమని దేశంలో ప్రతి ముగ్గురు పురుషులలో ఒకరు భావిస్తున్నట్లు 2019-21 సర్వే తేల్చింది. కూలి పనికి వెళ్లే మగవాడు బలహీనపడతాడన్న అపోహ ఒక పక్క. అదే పొలంలో నాట్లు వేసే ఆడమనిషి పొట్ట కోసినా ఏమీ కాదన్న నమ్మకం మరో పక్క. రెండింటినీ ఒకే ఇల్లు మోస్తోంది.

పొరుగు చెప్పే పాఠం

ఇది పేద దేశపు తలరాత అనుకోవడానికీ లేదు. బంగ్లాదేశ్ పేదరికంలోనే భిన్నమైన దారి తొక్కింది. గ్రామీణ మహిళలనే కార్యకర్తలుగా నియమించి గడపగడపకూ మాత్రలు, కండోమ్‌లు చేర్చింది. అక్కడ నేటికీ మొదటి స్థానం మాత్రలదే; వివాహిత స్త్రీలలో దాదాపు నాలుగింట ఒక వంతు వాటినే వాడుతున్నారు. స్త్రీల ఆపరేషన్లు చాలా తక్కువ. అయినా ఏడుకు దగ్గరగా ఉన్న సంతానోత్పత్తి రేటు 2.3కు దిగింది. లోపాలు అక్కడా ఉన్నాయి. కానీ ఆపరేషన్ శిబిరాలు లేనిదే జనాభా అదుపులోకి రాదన్న వాదనకు ఢాకా ఇచ్చిన జవాబు చాలు.

దేశంలో చట్టాలతో బెదిరించే ధోరణికీ గణాంకాల్లో ఆధారం లేదు. భారత సంతానోత్పత్తి రేటు 2.0, జనాభా స్థిరంగా ఉండటానికి కావలసిన 2.1 కన్నా తక్కువ. ఇద్దరు బిడ్డల చట్టాలు కోరేవారు వేలెత్తి చూపే ముస్లింలలో 1992-93లో 4.4 ఉన్న రేటు 2.4కు పడిపోయింది. ఏ చట్టమూ దానిని దించలేదు. ఆడపిల్లల చదువు, పట్టణ జీవనం, ఆసుపత్రి కాన్పులు దించాయి. ఉత్తరప్రదేశ్ న్యాయ కమిషన్ 2021లో ముసాయిదా చట్టాన్ని తయారుచేసే నాటికే ఆ రాష్ట్రంలో రేటు వేగంగా పడిపోతోంది.

ముందున్న ప్రమాదం

దక్షిణాది నాయకుల ఆందోళనలో నిజం ఉంది. 1976లో 42వ రాజ్యాంగ సవరణ లోక్‌సభ స్థానాల పంపిణీని 1971 జనాభా లెక్కల వద్ద ఆపింది. 84వ సవరణ ఆ గడువును 2026 తరువాతి తొలి జనగణన వరకూ పొడిగించింది. కుటుంబ నియంత్రణ అమలు చేసిన రాష్ట్రాలకు స్థానాల్లో వాటా తగ్గడం అన్యాయం. అయితే ఆ అన్యాయాన్ని సరిచేయవలసిన చోటు పార్లమెంటు, ఆర్థిక సంఘం. ప్రసూతి వార్డు కాదు. రాజ్యాంగ సమస్యకు పరిష్కారాన్ని ఇరవై రెండేళ్ల అమ్మాయి గర్భంలో వెతకడం, 1976లో ఆర్థిక సమస్యకు పరిష్కారాన్ని పేదవాడి శరీరంలో వెతికినదానికి మరో రూపమే.

1994 పంచాయతీరాజ్ చట్టంలోని ఇద్దరు బిడ్డల నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో రద్దు చేయడం మంచి పని. దాని వల్ల పదవులు పోగొట్టుకున్నవారిలో పేద దళిత, గిరిజన మహిళలు ఎందరో ఉన్నారు. కానీ ఎక్కువమందిని కన్నవారికే పోటీ అర్హత ఉండాలన్న ఆలోచనను ముఖ్యమంత్రే బహిరంగంగా పైకి తేవడం ఆ మంచిని తుడిచేస్తుంది. పై నుంచి వచ్చే సంకేతం కింద ఎలా అమలవుతుందో అత్యవసర పరిస్థితి చూపించింది. నాడు ఆపరేషన్ల సంఖ్య చూపమన్నారు. రేపు ఆపరేషన్లు తగ్గినట్లు చూపమంటారు. ఇక చాలని వచ్చిన తల్లిని మరొకరిని కనమని తిప్పి పంపడం, మాత్రల సరఫరా బడ్జెట్లో నిశ్శబ్దంగా కుదించడం అసాధ్యాలేమీ కావు.

కొత్త పద్ధతులకు కూడా ఒక షరతు వర్తిస్తుంది. 1980లలో హైదరాబాద్ శివారు పటాన్‌చెరులో నెట్‌-ఎన్ అనే ఇంజక్షన్‌ను పేద స్త్రీలపై ప్రయోగిస్తున్నప్పుడు, అది ప్రయోగమన్న సంగతి వారికి సరిగ్గా చెప్పలేదని స్త్రీశక్తి సంఘటన అడ్డుపడింది. 1986లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. చెప్పకుండా ఇచ్చేది సేవ కాదన్న నాటి ఆ అభ్యంతరం నేటి అంతరకూ, కొన్ని రాష్ట్రాల్లో ప్రవేశపెడుతున్న చేతి ఇంప్లాంట్‌కూ అంతే వర్తిస్తుంది.

చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఛాయ, అంతర, కాపర్‌-టి, కండోమ్ ఏడాది పొడవునా నిల్వ ఉండాలి. నిల్వల వివరాలు గోడ మీద రాయాలి. కాన్పు బల్ల మీద కాదు, ఏడో నెల పరీక్షకు వచ్చినప్పుడే దంపతులిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాలి. ఆశా కార్యకర్తకు ఆపరేషన్‌కు ఇచ్చే ప్రోత్సాహకం కన్నా సరైన సలహాకు ఇచ్చే గుర్తింపు తక్కువ కాకూడదు. ఒక్కరోజులో గుంపుగా చేసే శిబిరాలు సుప్రీంకోర్టు చెప్పినట్లు నిజంగానే ఆగాలి. వేసెక్టమీ గురించి పురుషులతో మాట్లాడే పురుష ఆరోగ్య కార్యకర్తలు కావాలి. ఇంప్లాంట్ వేసే చోటే దాన్ని తీసే నైపుణ్యమూ ఉండాలి. అడిగిన రోజున తీయని పరికరం ఎంపిక కిందకు రాదు.

పిల్లలు తగ్గిపోతున్నారని నిజంగా బెంగపడే ప్రభుత్వం ముందు అంగన్‌వాడీని, బడిని, మహిళల ఉద్యోగ భద్రతను చూసుకోవాలి. మూడో బిడ్డను కనాలని ఎవరైనా కోరుకుంటే కనవచ్చు. ఒక్కరితో ఆగుతామన్నా ఆగవచ్చు. అసలే వద్దన్నా అది వారి ఇష్టం. డెబ్బై ఏళ్లకు పైగా ప్రభుత్వాలు స్త్రీలకు సంఖ్యలు చెబుతూనే ఉన్నాయి. ఇకనైనా మందులు, సమాచారం, సమయం ఇచ్చి, సంఖ్యను ఆమెకే వదిలిపెట్టాలి.